ఇంటి హబ్‌కు ఏ వైర్‌లెస్ పరికరాలు కుదురుతాయి? జిగ్బీ, వైఫై, జడ్-వేవ్, మ్యాటర్‌ల పోలిక

విజయనగరంలో మా అమ్మానాన్నలు ఉంటున్న పాత ఇంటికీ, శ్రీకాకుళంలో నేను ఉంటున్న అపార్టుమెంటుకూ విడివిడిగా రెండు హబ్‌లు అమర్చాను. హబ్ అంటే ఇంట్లోని స్విచ్చులు, ప్లగ్గులు, సెన్సార్లు పంపే సమాచారాన్ని ఒకచోట చేర్చి, వాటికి తిరిగి ఆజ్ఞలిచ్చే చిన్న పెట్టె. రెండు ఇళ్లలోనూ ఒకే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. అయినా ఒక ఇంట్లో నెలల తరబడి మొరాయించకుండా పనిచేసిన పరికరం రెండో ఇంట్లో రోజుకు రెండుసార్లు హబ్‌కు అందకుండా పోయేది. ఆ రెండు ఇళ్ల అనుభవం వల్ల, పరికరాల ధరలూ నక్షత్రాల రేటింగులూ చూడడానికి ముందే తేల్చుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయని తెలిసింది. ఇప్పుడిప్పుడే హబ్ కొనాలనుకుంటున్న మన జిల్లాలవారి కోసం వాటిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ‘మీ హబ్‌తో పనిచేస్తుంది’ అనే మాటను విడదీసి చూడాలి. డబ్బా మీద ఆ మాట ఒకటిగానే కనిపించినా అందులో మూడు మెట్లున్నాయి. పరికరంలోని రేడియో, హబ్‌లోని రేడియో ఒకే భాష మాట్లాడి జతకావడం మొదటి మెట్టు. జతయిన తరువాత పరికరం చేయగల పనులన్నీ హబ్‌కు కనిపించడం రెండోది. ఇంటర్నెట్ లేని సమయంలో కూడా ఆ పనులు జరగడం మూడోది. మొదటి మెట్టు దాటగానే అనుకూలత ఉందనుకుని డబ్బు ఖర్చుపెట్టేవారే ఎక్కువ. నేనూ అలాగే జిగ్బీ అనే తక్కువ కరెంటు రేడియోతో నడిచే ఒక ప్లగ్గు కొన్నాను. అది నిమిషంలో జతయింది, ఆన్, ఆఫ్ బాగానే అయ్యేది. కానీ నేను దాన్ని కొన్నది ఫ్రిజ్ ఎన్ని వాట్లు లాగుతోందో గమనించి, అది ఆగిపోతే నా ఫోనుకు కబురు రావడానికి. ఆ వాట్ల లెక్క తయారీదారు సొంత యాప్‌లో తప్ప మా హబ్‌లో కనిపించలేదు.

దీనికి కారణం జిగ్బీ నిర్మాణంలోనే ఉంది. జిగ్బీలో ఆన్-ఆఫ్‌కు ఒక క్లస్టర్, ఉష్ణోగ్రతకు ఒకటి, విద్యుత్ కొలతకు మరొకటి చొప్పున ప్రామాణికమైన విభాగాలు ఉంటాయి. తయారీదారు వాటినే వాడితే ఏ హబ్ అయినా చదవగలదు. కొందరు తయారీదారులు కొలతలను తమ సొంత పద్ధతిలో పంపుతారు కాబట్టి, ఆ పద్ధతి తెలిసిన హబ్ మాత్రమే వాటిని చదువుతుంది. అందువల్ల కొనేముందు బ్రాండు పేరు కాకుండా పరికరం వెనుక ముద్రించిన మోడల్ సంఖ్యను పట్టుకుని వెతకడం మంచిది. జిగ్బీ2ఎంక్యూటీటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తమకు తెలిసిన పరికరాల జాబితాను మోడల్ వారీగా ప్రచురిస్తుంది. ఏ పరికరంలో ఏ కొలత అందుతుందో కూడా అందులో ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. టీఎస్011ఎఫ్ అనే ఒకే సంఖ్యతో ఎన్నో పేర్ల ప్లగ్గులు అమ్ముడవుతున్నాయి, వాటిలో కొన్ని వాట్లను కొలుస్తాయి, కొన్ని కొలవవు. కాబట్టి జాబితాలో సంఖ్య కనిపించినంత మాత్రాన సరిపోదు, తయారీ గుర్తింపు కోడ్ కూడా కలిసిందో లేదో చూసుకోవాలి. అది కొన్న తరువాతే తెలిసే పరిస్థితి ఉంటే, వాపసు గడువు ఉన్న చోట ఒక్కటే కొని పరీక్షించడం తప్ప మరో మార్గం లేదు.

మూడో మెట్టు మన ప్రాంతానికి మరీ ముఖ్యం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు కూడా చీకట్లో గడిపాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెల్లో కరెంటు స్తంభాలతో పాటు సెల్ టవర్లూ మూగబోయాయి. అంత పెద్ద తుపాను రాకపోయినా, వానాకాలంలో గాలి గట్టిగా వీచిన రాత్రి ఫైబర్ తీగ తెగడం మనకు మామూలే. అలాంటి రాత్రి ఇన్వర్టర్ మీద ఇల్లు నడుస్తుండగా, మెట్ల దగ్గర లైటు వెలగడానికి ఎక్కడో దూరదేశంలోని సర్వర్ అనుమతి కావలసిన ఏర్పాటును వృద్ధులున్న ఇంట్లో పెట్టడం నాకు సమ్మతం కాదు. అందుకే ఈ వ్యాసంలో నేను చేసే ప్రతి పోలికలోనూ స్థానికంగా పనిచేయడాన్ని మొదటి కొలమానంగా తీసుకున్నాను. మీ ప్రాధాన్యం వేరైతే ఫలితం కూడా కొంత మారుతుంది.

వైఫై

చాలామంది ఇళ్లలో మొదటి పరికరం వైఫైదే అవుతుంది. ప్రత్యేకమైన హబ్ రేడియో అక్కర్లేదు, విజయనగరంలో ఎలక్ట్రికల్ దుకాణాల్లో కూడా దొరుకుతుంది. రెండు మూడు ప్లగ్గుల వరకు ఇది సరైన ఎంపికే. ఇలాంటి పరికరాలు దాదాపుగా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మీదే నడుస్తాయి. రూటరులో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే మొదటిసారి జతచేసేటప్పుడు ఇబ్బంది రావచ్చు. అప్పుడు 2.4కు తాత్కాలికంగా వేరే పేరు పెడితే పని జరుగుతుంది.

సంఖ్య పెరిగినప్పుడు కథ మారుతుంది. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చే సాధారణ రూటర్లు ఇరవై, ముప్పై పరికరాలు దాటితే తడబడతాయి. ప్రతి వైఫై పరికరం ఖాళీగా ఉన్నా కొంత కరెంటు వాడుతుంది. ఒక్కోటి 1 వాట్ చొప్పున లెక్కించినా 20 పరికరాలు నెలకు 14 యూనిట్లకు పైగా వాడతాయి. బ్యాటరీతో నడిచే సెన్సార్లకు వైఫై అంతగా సరిపోదు, ఎందుకంటే రూటరుతో సంబంధం నిలబెట్టుకోవడానికే బ్యాటరీ కరిగిపోతుంది. అన్నిటికీ మించి, చౌక వైఫై పరికరాల్లో అధికభాగం తయారీదారు సర్వర్‌ను ఆధారం చేసుకుంటాయి. వైఫై పరికరమే కొనాలనుకుంటే స్థానిక నియంత్రణ ఉందని తయారీదారు స్పష్టంగా ప్రకటించినదాన్నే ఎంచుకోవాలి. స్విచ్ బోర్డు లోపల ఉండి, ఆజ్ఞ అందగానే కరెంటును కలిపే, విడదీసే షెల్లీ కంపెనీ రిలేలు ఇందుకు ఒక ఉదాహరణ.

జిగ్బీ

మా విజయనగరం ఇంట్లో ఎక్కువ పరికరాలు జిగ్బీవే. ఇది ఐఈఈఈ 802.15.4 ప్రమాణం మీద నిర్మించిన, తక్కువ కరెంటుతో నడిచే రేడియో. వేగం సెకనుకు 250 కిలోబిట్లే అయినా తలుపు తెరిచారని, గదిలో వేడి ఎంత ఉందని చెప్పడానికి అది చాలా ఎక్కువ. చిన్న బిళ్ల బ్యాటరీతో తలుపు సెన్సార్ నెలల తరబడి, మంచి తయారీ అయితే ఏడాదికి పైగా నడుస్తుంది. 2016లో వచ్చిన జిగ్బీ 3.0 అంతకుముందు పరికరాల రకాన్ని బట్టి వేరువేరుగా ఉన్న ప్రొఫైళ్లను, అంటే నియమావళులను, ఒకటి చేసింది కాబట్టి, ఇప్పుడు కొనేవారు 3.0 కంటే పాతదాన్ని ఎంచుకోవలసిన అవసరం లేదు.

జిగ్బీ బలం మెష్‌లో ఉంది. కరెంటుకు నేరుగా కలిపిన ప్రతి ప్లగ్గూ, బోర్డు లోపల పెట్టిన రిలే మాడ్యూలూ పక్క పరికరం మాటను అందుకుని హబ్‌కు చేరవేస్తాయి. బ్యాటరీ పరికరాలు తమ మాట తాము చెప్పి నిద్రపోతాయి, ఇతరుల మాట మోయవు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే కొనే వరుస దానంతట అదే తేలుతుంది: ముందుగా కరెంటుతో నడిచేవి కొని ఇల్లంతా పరచాలి, ఆ తరువాత సెన్సార్లు. నేను ఈ వరుసను తిరగేసి, ఎనిమిది సెన్సార్లు ముందుగా కొన్నాను. హబ్ వీధిగదిలో ఉంది, వంటిల్లు పెరటివైపు, మధ్యలో అడుగున్నర మందం పాతకాలపు సున్నపు గోడలు రెండు. వంటింట్లోని గ్యాస్ సిలిండరు దగ్గర తలుపు సెన్సార్ రోజుకు రెండుసార్లు జాడ లేకుండా పోయేది. నడవలో ఒక ప్లగ్గు పెట్టిన రోజునే ఆ బాధ తీరింది.

బల్బులు కూడా మాట మోయగలవు గానీ వాటి మీద ఆధారపడకూడదు. రాత్రి పడుకునేముందు అమ్మ ప్రతి గదిలోనూ గోడ స్విచ్ ఆపుతుంది. అది ఆమెకు యాభై ఏళ్ల అలవాటు, ఆ అలవాటు మంచిదే. గోడ స్విచ్ ఆపగానే బల్బులోని రేడియో చచ్చిపోతుంది, దాని మీదుగా వెళ్లే సెన్సార్ల మాట కూడా ఆగిపోతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. అందుచేత మన ఇళ్లకు స్మార్ట్ బల్బు కంటే, గోడ స్విచ్ యథాతథంగా పనిచేస్తూనే బోర్డు లోపల ఇమిడిపోయే రిలే మాడ్యూల్ మెరుగైన ఎంపిక.

శ్రీకాకుళం అపార్టుమెంటులో సమస్య గోడలది కాదు, పొరుగువారి వైఫైలది. జిగ్బీ, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉన్నాయి. జిగ్బీకి 11 నుంచి 26 వరకు పదహారు చానెళ్లున్నాయి. వైఫై సాధారణంగా వాడే 1, 6, 11 చానెళ్లకు పైన మిగిలే ఖాళీలో 25, 26 పడతాయి. 26 మీద కొన్ని పరికరాలు సరిగా పలకవు కాబట్టి నేను 25 ఎంచుకుని, మా రూటరును 1 మీద స్థిరపరిచాను. మన దేశంలో వైఫై 13వ చానెల్ కూడా అనుమతించినదే. మీ రూటరు తనంతట తాను అక్కడికి వెళ్తే 25 మీద నేరుగా పడుతుంది. చానెల్ నిర్ణయం మొదటి రోజే చేయాలి, ఎందుకంటే తరువాత మారిస్తే కొన్ని పరికరాలను మళ్లీ జతచేయవలసి వస్తుంది. హబ్‌కు జిగ్బీ రేడియోను అందించే చిన్న యూఎస్‌బీ పరికరాన్ని, అంటే డాంగిల్‌ను, యూఎస్‌బీ 3 పోర్టులో నేరుగా గుచ్చకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఆ పోర్టు నుంచి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుడుతుంది. ఒక మీటరు యూఎస్‌బీ పొడిగింపు తీగతో డాంగిల్‌ను దూరం పెట్టగానే మా ఇంట్లో సగం ఫిర్యాదులు పోయాయి.

జడ్-వేవ్, అమెరికా నుంచి వచ్చిన పెట్టె

గోడలను చొచ్చుకుపోవడంలో జడ్-వేవ్ వీటన్నిటికంటే మెరుగైనది. 1 గిగాహెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యంలో నడుస్తుంది కాబట్టి వైఫై రద్దీ దానికి తగలదు. ధ్రువీకరణ నియమాలు కఠినంగా ఉండడంతో వేరువేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి. అయినా మన దగ్గర దీన్ని సులభంగా సిఫారసు చేయలేను.

కారణం పౌనఃపున్యం దేశాన్ని బట్టి మారడం. భారత్‌లో జడ్-వేవ్ 865.2 మెగాహెర్ట్జ్ మీద, యూరప్‌లో 868.4 మీద, అమెరికాలో 908.4 మీద నడుస్తుంది. మన రెండు జిల్లాల్లో అమెరికాలో కొడుకో కూతురో లేని వీధి అరుదు. సెలవులకు వస్తూ ప్రేమగా స్విచ్చులు, తాళాలు తెచ్చేవారూ ఉన్నారు. అలా తెచ్చిన జడ్-వేవ్ పరికరం భారతీయ హబ్‌తో జతకాదు. హబ్ కూడా అక్కడి నుంచే తెస్తే రెండూ జతవుతాయి గానీ, 908 మెగాహెర్ట్జ్ మన దేశంలో మొబైల్ కంపెనీలకు కేటాయించిన 900 బ్యాండులోకి వస్తుంది. అనుమతి లేని ఆ పౌనఃపున్యంలో ప్రసారం చేయడం తప్పు. పైగా అక్కడి స్విచ్చులు 120 వోల్టులకు తయారైనవి, మన ఇళ్లలో ఉన్నది 230 వోల్టులు. మీ పిల్లలు తేవాలనుకుంటే బ్యాటరీతో నడిచే జిగ్బీ సెన్సార్లు తెమ్మనండి. 2.4 గిగాహెర్ట్జ్ ప్రపంచమంతటా ఒకటే కాబట్టి అవి ఇక్కడా పనిచేస్తాయి. భారత పౌనఃపున్యం గల జడ్-వేవ్ సరుకు తక్కువ రకాల్లో, ఎక్కువ ధరకు దొరుకుతుంది. మందపాటి గోడల పెద్ద ఇల్లు ఉండి, ఖర్చుకు వెనుకాడనివారికి మాత్రమే అది తగినది.

మ్యాటర్, థ్రెడ్

ఈ రెండు పేర్లను ఒకటిగా పలకడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. మ్యాటర్ అన్నది పరికరాలు మాట్లాడే భాష, థ్రెడ్ అన్నది ఆ భాషను మోసే రేడియో మార్గం. మ్యాటర్ వైఫై మీద కూడా నడుస్తుంది, ఈథర్నెట్ మీద కూడా నడుస్తుంది. థ్రెడ్ మీద నడిచే పరికరం కొంటే, దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే థ్రెడ్ బోర్డర్ రూటరు ఇంట్లో ఉండి తీరాలి. యాపిల్ హోమ్‌పాడ్ మినీ వంటి స్పీకర్లలో అది లోపలే ఉంటుంది. మ్యాటర్ మొదటి రూపం 2022 అక్టోబర్‌లో వచ్చింది. స్థానికంగా పనిచేయడం దాని మూలసూత్రాల్లో ఒకటి, ఒకే పరికరాన్ని రెండు మూడు వ్యవస్థలకు ఏకకాలంలో కలపవచ్చు. ఈ రెండు గుణాల కోసం దాని మీద నాకు గట్టి నమ్మకం ఉంది.

కానీ డబ్బా మీద మ్యాటర్ గుర్తు చూసి కళ్లు మూసుకుని కొనే రోజు ఇంకా రాలేదు. ఫ్యాన్లు, గది ఏసీలు వంటివి 2023 అక్టోబర్‌లోని 1.2లో చేరాయి, విద్యుత్ వినియోగం చెప్పే పద్ధతి 2024 మేలోని 1.3లో చేరింది. పరికరం 1.3 అయినా హబ్ అంతవరకు ఎదగకపోతే, నా మొదటి ప్లగ్గు విషయంలో జరిగినట్టే ఆన్-ఆఫ్ మాత్రమే మిగులుతుంది. కాబట్టి పరికరం వెర్షన్‌తో పాటు, మీ హబ్ ఆ రకం పరికరాన్ని ప్రస్తుతం గుర్తిస్తున్నదా అన్నది కూడా చూడాలి.

బ్లూటూత్ తాళాలు, 433 మెగాహెర్ట్జ్ రిమోట్ స్విచ్చులు, ఏసీకి ఇన్‌ఫ్రారెడ్ పంపే పెట్టెల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చివరి రెండింటిలో ఆజ్ఞ వెళ్తుంది గానీ సాధారణంగా జవాబు రాదు. ఏసీ నిజంగా ఆగిందో లేదో హబ్‌కు తెలియాలంటే వాట్లు కొలిచే ప్లగ్గు తోడుగా ఉండాలి.

రేడియో కుదిరినా కరెంటు కుదరకపోవచ్చు

రేడియో సంగతి తేల్చుకున్నవారు కూడా ఇక్కడ దెబ్బతింటారు. విదేశీ మార్గదర్శకాల్లో ఈ భాగం మన ఇళ్లకు సరిపడేలా ఉండదు కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి.

రిలే మాడ్యూలుకు ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా కావాలి. మన ఇళ్లలో సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ తప్పక ఉంటుంది. మెట్ల దగ్గర, స్నానాలగది బయట ఒకటి రెండు స్విచ్చులు మాత్రమే ఉన్న చిన్న బోర్డుల్లో తరచుగా ఉండదు. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్లు దొరుకుతాయి గానీ అవి సాధారణంగా మెష్‌లో ఇతరుల మాట మోయవు, చిన్న ఎల్ఈడీ బల్బులు మిణుకుమిణుకుమనే అవకాశమూ ఉంది. అందుచేత కొనడానికి ముందే ఎలక్ట్రీషియన్ చేత ప్రతి బోర్డూ విప్పించి, ఎక్కడ న్యూట్రల్ ఉందో కాగితం మీద రాయించుకోవాలి. మా ఎలక్ట్రీషియన్ పది బోర్డులు చూసి, ‘మూడింట్లో న్యూట్రల్ లేదండీ, పక్క బోర్డు నుంచి లాగాలండీ’ అన్నారు. ఆ మాట ముందే విన్నందువల్ల మూడు మాడ్యూళ్ల ఖర్చు తప్పింది.

తరువాత కరెంటు లోడు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది, 3000 వాట్లది 13 ఆంపియర్లు. 10 ఆంపియర్ల ప్లగ్గుకు మొదటిదే అంచు, రెండోది ప్రమాదం. గీజరుకు 16 ఆంపియర్లదే కొనాలి. నీటి మోటారును మాత్రం ఏ ప్లగ్గుకూ, ఏ చిన్న రిలేకూ నేరుగా తగిలించకూడదు. 1 హెచ్‌పీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకు అనేక రెట్ల కరెంటు లాగుతుంది. ఆ ధాటికి రిలే కొసలు అతుక్కుపోతే, హబ్ ఆపమన్నా మోటారు ఆగదు, నూతిలో నీరు అయిపోయాక కూడా తిరుగుతూ కాలిపోతుంది. స్టార్టరులో పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్ అయిన కాంటాక్టర్ కాయిల్‌ను రిలే నడపాలి, మోటారు కరెంటు కాంటాక్టర్ గుండా వెళ్లాలి. తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లకు వేగం తగ్గించే డిమ్మర్ మాడ్యూల్ తగిలించడం కూడా తప్పే. వాటి వేగాన్ని వాటి లోపలి సర్క్యూటే నియంత్రిస్తుంది.

కరెంటు పోయి వచ్చాక పరికరం ఏ స్థితిలో లేస్తుందన్నది కూడా కొనేముందు చూడవలసిన గుణమే. కొన్ని బల్బులు కరెంటు రాగానే పూర్తి వెలుతురుతో వెలుగుతాయి. అర్ధరాత్రి రెండు గంటలకు పడకగదిలో అది జరిగితే పెద్దవాళ్లు బెదిరిపోతారు. ‘మునుపటి స్థితికి’ లేదా ‘ఆఫ్’కు రావడానికి వీలుండే అమరిక ఉన్నదే కొనాలి, ఆ అమరిక మీ హబ్ నుంచి మార్చగలిగేలా ఉండాలి.

ఇక ఎంపిక. పాత గోడల సొంత ఇల్లు, వృద్ధులు, తరచూ పోయే కరెంటు ఉన్నచోట స్థానికంగా నడిచే హబ్, నాలుగైదు జిగ్బీ ప్లగ్గులు లేదా న్యూట్రల్ ఉన్న రిలేలు, వాటి తరువాత సెన్సార్లు తీసుకోవాలన్నది నా సలహా. అద్దె అపార్టుమెంటులో బోర్డులు విప్పే వీలుండదు కాబట్టి మ్యాటర్ ప్లగ్గులు, జిగ్బీ సెన్సార్లు చాలు. ఇల్లు మారినప్పుడు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లవచ్చు. కళింగపట్నం, భావనపాడు వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి బ్యాటరీ కొసలు పచ్చబారతాయి, ఆరుబయట పెట్టే సెన్సార్లను మూత గట్టిగా ఉన్నవే తీసుకుని ఆరు నెలలకోసారి తెరిచి తుడవాలి. రెండు ఇళ్లకూ కలిపి చెప్పగలిగినది ఒకటుంది: ప్రతి రకంలో ఒక్కటే తెప్పించి, హబ్‌కు కలిపి, వారం రోజులు వాడి, ఒకసారి ఇంటర్నెట్ తీగ పీకి, ఒకసారి మెయిన్ ఆపి వేసి చూడండి. ఆ రెండు పరీక్షలూ నెగ్గిన మోడల్‌నే మిగతా గదులకు తెప్పించండి.

హబ్‌కూ రూటరుకూ ఇన్వర్టర్ లైను ఇవ్వడం మరవకండి. మ్యాటర్ పరికరం మీద ఉండే క్యూఆర్ కోడ్‌ను గోడలో బిగించకముందే ఫోటో తీసి దాచుకోండి, ఎందుకంటే హబ్ చెడిపోయి కొత్తది పెట్టిన రోజున ఆ కోడ్ లేకుండా పరికరాన్ని మళ్లీ జతచేయలేరు. మా ఇంట్లో ఆ ఫోటోలన్నీ ముద్రించి, బోర్డుల్లో న్యూట్రల్ ఎక్కడుందో రాసిన కాగితంతో పాటు నాన్నగారి బీరువాలో పెట్టాము.